రంగు కాగితం మీద రంగు పెన్సిళ్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

చాలా ఏళ్లు తెల్ల డ్రాయింగ్ షీటు మీదే కలర్ పెన్సిల్ బొమ్మలు వేశాను. కొంతకాలంగా లేత గోధుమ, బూడిద, నీలం రంగు కాగితాల మీద వేసి చూస్తున్నాను. ఆ బొమ్మలు చూసినవాళ్లు, తామూ మొదలుపెట్టినవాళ్లు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. వాటికి నా అనుభవంలో తేలిన జవాబులు ఇవి.

టోన్డ్ పేపర్ అంటే ఏమిటి? దాని మీద వేస్తే వచ్చే తేడా ఏమిటి?

తయారీలోనే రంగు కలిపిన కాగితం అది. మరీ తెలుపూ కాదు, మరీ ముదురూ కాదు, నడిమి రకం. లేత గోధుమ రంగును టాన్ అని, బూడిద రంగును గ్రే అని అమ్ముతారు. నీలం, ఆకుపచ్చ, ఇటుక రంగు కాగితాలు కూడా దొరుకుతాయి.

తెల్ల కాగితం మీద మనకు ఒకటే దారి. కాగితమే అన్నిటికన్నా తెల్లగా ఉంటుంది కాబట్టి, మనం చేసేదల్లా దాన్ని ముదురు చేసుకుంటూ పోవడమే. మెరుపు కావాల్సిన చోట పెన్సిల్ తగలకుండా మొదటినుంచీ కాపాడుకోవాలి. టోన్డ్ పేపర్ మీద రెండు దారులు ఉంటాయి. ముదురు పెన్సిల్ పట్టుకుని నీడలోకి దిగొచ్చు, తెల్ల పెన్సిల్ పట్టుకుని వెలుగులోకి ఎక్కొచ్చు. మధ్యలో ఉండాల్సిన ఛాయను కాగితం ముందే పరిచి ఇస్తుంది.

ఒక ఇత్తడి చెంబు వేస్తున్నాం అనుకోండి. తెల్ల షీటు మీదైతే చెంబు అంతటా పసుపు, గోధుమ పొరలు నింపాలి, అది గంటల పని. టాన్ కాగితం మీద అయితే చెంబు ఒంటి రంగులో సగం అక్కడే ఉంది. కింది వంపులో ముదురు గోధుమ, మెడ దగ్గర ఒక నీడ, కిటికీ వెలుగు పడిన చోట లేత పసుపు, దాని మీద చిన్న తెల్ల చుక్క. చెంబు లేచి కూర్చుంటుంది. మొదటిసారి ఇలా వేసినప్పుడు పది నిమిషాల్లో గుండ్రదనం వచ్చేసింది. ఆ సంతోషంతో ఇంకా పెన్సిల్ ఆడిస్తూ పోయి, కాగితం మొత్తం కప్పేశాను. చెంబు మళ్లీ చదునైపోయింది. ఈ పద్ధతిలో నేర్చుకోవాల్సిన అసలు విద్య ఏమిటో ఆ రోజు తెలిసింది. కాగితం కూడా మన పెట్టెలో ఒక రంగు. ఎక్కడ వేయకూడదో తెలియాలి.

టాన్, గ్రే, నీలం... మొదట ఏది కొనాలి?

మనుషుల ముఖాలు, మట్టి కుండలు, చెక్క సామాను, ఎండిన ఆకులు, పల్లెటూరి గోడలు ఇష్టమైతే టాన్ తీసుకోండి. స్టీలు గిన్నెలు, గాజు, రాయి, మబ్బు పట్టిన ఆకాశం, కాకి, గేదె లాంటివైతే గ్రే. తెల్ల పువ్వులకు రెండూ బాగుంటాయి. అయినా మల్లెపూలు మాత్రం నేను గ్రే మీదే వేస్తాను. తొడిమ దగ్గరి లేత ఆకుపచ్చ ఆ బూడిద పక్కన చక్కగా తేలుతుంది.

నీలం చాలా అందమైన కాగితం, కానీ మొదటి పుస్తకంగా వద్దంటాను. దాని మీద ప్రతి వెచ్చని రంగుతోనూ కుస్తీ పట్టాలి. పది బొమ్మలు అయ్యాక తీసుకుంటే ఆ కుస్తీలోనే ఆనందం ఉంటుంది.

రంగు ఒక్కటే కాదు, మందం కూడా చూడండి. దాన్ని జీఎస్ఎమ్‌లో చెబుతారు, అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క. స్ట్రాత్‌మోర్ 400 సిరీస్ టోన్డ్ స్కెచ్ పుస్తకాలు 118 జీఎస్ఎమ్. స్కెచ్‌లకు, నాలుగైదు తేలిక పొరలకు అది సరిపోతుంది. కాన్సన్ మి-తాంత్, ఫాబ్రియానో తిజియానో కాగితాలు 160 జీఎస్ఎమ్. వీటిలో ఎన్నో రంగులు వస్తాయి. మి-తాంత్‌కు ఒక వైపు తేనెపట్టులాంటి గళ్ల గరుకు, రెండో వైపు సన్నటి గరుకు ఉంటాయి. కలర్ పెన్సిల్‌కు నున్నటి వైపు వాడండి. గళ్ల వైపు వాడితే ముఖం మీద చుక్కలు చుక్కలుగా కాగితం కనబడి చికాకు పెడుతుంది.

పుస్తకాలకు అట్టలు వేసే ఖాకీ కాగితం వాడొచ్చా?

సాధనకు నిశ్చింతగా వాడొచ్చు. నేనూ మొదట దాని మీదే చేతిని తిప్పాను. ఒక చుట్ట కొంటే నెలలు వస్తుంది, పాడవుతుందేమో అన్న టెన్షన్ ఉండదు. రెండు వైపుల్లో నున్నగా మెరిసే వైపు కాకుండా, కాస్త గరుకుగా ఉన్న వైపు తిప్పుకోండి.

దాచుకోవాల్సిన బొమ్మకు మాత్రం వద్దు. మామూలు ఖాకీ కాగితంలో ఆమ్లం ఉంటుంది, కొన్నేళ్లకు అది ముదురు రంగుకు తిరిగి, మడతల దగ్గర పెళుసుగా విరుగుతుంది. పదో తరగతి పుస్తకం అట్టను ఇరవై ఏళ్ల తరవాత చూసినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. బొమ్మ నిలవాలంటే ‘యాసిడ్ ఫ్రీ’ అని రాసి ఉన్న కాగితమే కొనండి.

స్కూలు పిల్లల కలర్ పెన్సిళ్లు సరిపోతాయా, ఖరీదైనవి కొనాలా?

ముదురు రంగుల వరకు స్కూలు సెట్టుతో పని నడుస్తుంది. గోధుమ, ముదురు నీలం, ఇటుక ఎరుపు ఏ సెట్టులోవైనా టోన్డ్ పేపర్ మీద బాగానే పడతాయి. చిక్కు వచ్చేది లేత రంగులతో. చౌక పెన్సిళ్లలో రంగు పొడి తక్కువ, మైనం, పూరక పదార్థాలు ఎక్కువ. తెల్ల కాగితం మీద ఆ లోటు కనపడదు, ఎందుకంటే అక్కడ వెలుగంతా కాగితమే ఇస్తోంది. రంగు కాగితం మీద లేత పసుపు, లేత గులాబీ, తెలుపు తమ బలంతో తామే నిలబడాలి.

అందుకని నా సలహా: మొత్తం సెట్టు కొనకండి. విడిగా అమ్మే మంచి పెన్సిళ్లు ఐదారు కొనుక్కోండి. ఒక గట్టి తెలుపు, ఒక మీగడ రంగు, కాల్చిన ఇటుక రంగు, ముదురు సెపియా (నల్లటి గోధుమ), ముదురు ఇండిగో (నీలిమందు రంగు), ఒక లేత నీలం. మిగతావి మీ దగ్గర ఉన్నవే వాడండి.

మంచి పెన్సిళ్లలో రెండు జాతులు ఉన్నాయి. ప్రిస్మాకలర్ ప్రీమియర్, కారన్ డాష్ లూమినెన్స్ మైనంతో చేసినవి. మెత్తగా ఉంటాయి, చిక్కగా పడతాయి. ఫాబెర్ కాస్టెల్ పాలీక్రోమోస్‌లో మైనం కన్నా నూనె పాలు ఎక్కువ. కాస్త గట్టిగా ఉండి, మొన ఎక్కువసేపు నిలుస్తుంది. నేను నీడలు, వెంట్రుకలు, కనురెప్పలు పాలీక్రోమోస్‌తో, వెలుగులు మెత్తటి పెన్సిళ్లతో వేస్తాను. డెర్వెంట్ డ్రాయింగ్ అని ఒక శ్రేణి ఉంది. అందులో మట్టి రంగులు చాలా ఉన్నాయి. టాన్ కాగితానికి అవి పుట్టు చుట్టాల్లా ఉంటాయి.

నా తెల్ల పెన్సిల్ కాగితం మీద కనపడటమే లేదు. ఎందుకు?

నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే.

ముందు పెన్సిల్ సంగతి. పైన చెప్పినట్టు, అందులో రంగు బలం ఉండాలి. డెర్వెంట్ డ్రాయింగ్‌లోని చైనీస్ వైట్, లూమినెన్స్ తెలుపు బాగా కప్పుతాయి. అలాంటిది ఒకటి వాడి చూస్తే సగం బాధ తీరుతుంది.

మిగతా సగం వరసలో ఉంది. కాగితానికి కంటికి కనపడని గరుకు ఉంటుంది. ప్రతి పొరా ఆ గరుకు పళ్ల మధ్య ఇరుక్కుంటుంది. నాలుగు పొరలు వేశాక ఆ పళ్లు నిండిపోయి, పైన మైనం నున్నగా తయారవుతుంది. చివర్లో ‘ఇప్పుడు మెరుపు పెడదాం’ అని తెల్ల పెన్సిల్ తెస్తే అది జారిపోతుంది. పట్టు దొరకదు. అందుకే తెలుపు చోటును మొదట్లోనే గుర్తించి, అక్కడ శుభ్రమైన కాగితం మీదే తెలుపు వేయాలి.

ఇంకొకటి, తెలుపు కింద ముదురు రంగు ఉండకూడదు. నలుపు మీద, గ్రాఫైట్ (మామూలు పెన్సిల్ లెడ్) మీద తెలుపు రుద్దితే సున్నం నీళ్లలాంటి నీలి బూడిద వస్తుంది. స్కెచ్ గీసుకునేటప్పుడు మామూలు పెన్సిల్ గీతల్ని పిండి రబ్బరుతో (పిండిముద్దలా నలిగే మెత్తటి రబ్బరు) వీలైనంత తేలిక చేశాకే రంగులోకి దిగండి. నేనైతే స్కెచ్ కూడా లేత గోధుమ కలర్ పెన్సిల్‌తోనే గీస్తున్నాను.

అన్నీ సరిగా చేసినా చివర్లో ఒకటి రెండు చుక్కలు కంటి పాపలో, ముక్కుపుడక మీద ఇంకా మెరవాలనిపిస్తుంది. అప్పుడు తెల్ల జెల్ పెన్ వాడండి. అది తప్పేమీ కాదు. కాకపోతే జెల్ పెన్ తెలుపు చల్లగా, చదునుగా ఉంటుంది. బొమ్మలో మూడు నాలుగు చోట్లకు మించి వాడితే అక్కడక్కడా ముగ్గుపిండి చల్లినట్టు కనపడుతుంది.

తెల్ల కాగితం మీద ఎంతో బాగున్న రంగులు ఇక్కడ మురికిగా కనపడుతున్నాయేం?

కలర్ పెన్సిల్ పొర పెయింటులా పూర్తిగా కప్పదు. రంగు గాజు పలకలా పని చేస్తుంది. వెలుగు ఆ పొర దాటి కాగితాన్ని తాకి, కాగితం రంగును కూడా తీసుకుని మన కంటికి వస్తుంది. కాబట్టి టాన్ మీద ప్రతి రంగులోనూ కొంచెం గోధుమ కలిసినట్టే. ఎరుపు, నారింజ దానికి చుట్టాలు కాబట్టి వెచ్చబడతాయి. నీలం, ఊదా దానికి ఎదురు రంగులు కాబట్టి వాటి పొగరు తగ్గుతుంది. గ్రే మీద నిమ్మ పసుపు వేస్తే ఆకుపచ్చ వైపు ఒరుగుతుంది.

దీనికి తోడు పక్క రంగు ప్రభావం. ఫ్రాన్సులోని గోబెలాఁ నేత కర్మాగారంలో అద్దకాల విభాగం చూసిన రసాయన శాస్త్రవేత్త షెవ్రల్ దగ్గరికి ఒక ఫిర్యాదు వచ్చింది, నల్ల దారం సరిగా నల్లగా ఉండటం లేదని. ఆయన పరీక్షిస్తే దారంలో లోపం లేదు. పక్కన నేసిన రంగుల వల్ల ఆ నలుపు అలా కనపడుతోంది. దాని మీద ఆయన 1839లో పెద్ద పుస్తకమే అచ్చు వేశాడు. మన కాగితం బొమ్మలోని ప్రతి గీతకూ పక్క రంగే. అదే బూడిద పెన్సిల్ టాన్ మీద నీలంగా కనపడుతుంది. నీలం కాగితం మీద గోధుమగా కనపడుతుంది. నేను ఈ గుణాన్ని కావాలనే వాడుకుంటాను. టాన్ మీద ఆకాశం వేయాల్సివస్తే నీలం తీయను, చల్లటి లేత బూడిద రాస్తే చాలు.

చేయాల్సిన పని ఒక్కటే. కొత్త పుస్తకం మొదటి పేజీలో మీ పెన్సిళ్లన్నిటితో చిన్న గళ్లు నింపి పేర్లు రాసుకోండి. ప్రతి గడిలో సగానికి కింద ముందుగా తెలుపు వేసి, దాని మీద రంగు వేయండి. తెలుపు పరుపు ఉన్న సగం వెలుగుతూ, లేని సగం కాగితంలో కలిసిపోతూ కనపడుతుంది. ఇక బొమ్మలో ఎక్కడ తెల్ల పరుపు కావాలో ఎక్కడ వద్దో ఆ పేజీయే చెబుతుంది. ఈ గంట పని బద్ధకించకండి.

చామనఛాయ ముఖాలు టాన్ కాగితం మీద ఎలా వేయాలి?

నేను ఈ కాగితంలో పడిపోవడానికి కారణమే ఇది.

చాలా పాఠాల్లో ఒంటి రంగు అంటే లేత గులాబీ, పీచు రంగుతో మొదలవుతుంది. ‘స్కిన్’ అని పేరు పెట్టిన పెన్సిల్ మన ఇళ్లలో ఎంతమంది ఒంటికి సరిపోతుంది? చిన్నప్పుడు ఆ పెన్సిల్‌తో మా అమ్మమ్మ ముఖం నింపితే, అది ఎవరి ముఖమో నాకే తెలియలేదు. టాన్ కాగితం మీద మళ్లీ ఆమెను వేసినప్పుడు, ఒక్క గీతా గీయకముందే ఆమె చెంప రంగు అక్కడ ఉంది.

నేను చేసే వరస చెబుతాను. ముందు ముఖంలో అన్నిటికన్నా ముదురు చోట్లు పట్టుకుంటాను. కనుపాప, ముక్కు రంధ్రాలు, పెదవుల మధ్య గీత, జుట్టు కింద మెడ. వీటికి నలుపు వాడను. ముదురు సెపియా, దాని మీద ముదురు ఇండిగో. ఈ రెండూ కలిస్తే వచ్చే చీకటిలో ప్రాణం ఉంటుంది. వెంటనే రెండో కొసకు వెళ్లి, అన్నిటికన్నా వెలుగైన చోట్లు తేలిగ్గా గుర్తు పెడతాను. నుదుటి మధ్య, ముక్కు దూలం, చెంప ఎముక, కింది పెదవి. ఈ రెండు కొసలూ పడ్డాక, మధ్యలో కాగితం ముఖం అయిపోతుంది. ఇక మిగిలింది సర్దుబాటే.

మన ఒంటి మీద పడే మెరుపు తెల్లగా, పసుపుగా ఉండదు. చామనఛాయ, నల్లటి చర్మం మీద నూనె పూసినట్టుండే మెరుపులో ఆకాశం రంగు ఉంటుంది. మధ్యాహ్నం అరుగు మీద కూర్చున్న మనిషి నుదురు చూడండి, లేత నీలం కనపడుతుంది. అందుకే మెరుపు చోట ముందు లేత నీలం ఒక పలుచటి పొర, దాని నడిమధ్య మాత్రమే తెలుపు వేస్తాను. చెవులు, ముక్కు కొన, వేళ్ల కణుపుల్లో ఇటుక ఎరుపు. పెదవుల్లో ఎరుపు కన్నా ఊదా గోధుమ ఎక్కువ. దవడ కింద నీడలో కట్టుకున్న చీర రంగు కొద్దిగా పైకి తేలుతుంది. ఎర్ర చీర అయితే ఎర్రగా, పసుపు చీర అయితే పసుపుగా. అది పట్టుకుంటే ముఖం ఆ మనిషి ఒంటి మీదే ఉన్నట్టుంటుంది.

కంటి తెల్లగుడ్డులో తెలుపు వేయకండి. దాదాపు అందరూ చేసే పొరపాటు ఇది. కాగితాన్ని అలాగే వదిలేసి, పై రెప్ప కింద వెచ్చని బూడిద నీడ పెట్టండి. తెల్ల చుక్క కనుపాప మెరుపుకు మాత్రమే.

బాగా నల్లటి మనిషికైతే కాగితం వెలుగు వైపు అవుతుంది, తెలుపు అసలు అక్కర్లేకపోవచ్చు. పసిమి ఛాయకైతే కాగితం నీడ వైపు అవుతుంది, వెలుగంతా మీగడ రంగు, లేత గులాబీలతో కట్టాలి. కాగితం అదే, దాని పనే మారుతుంది.

కాగితం ఎంత వరకు వదిలేయాలి? వెనకంతా ఖాళీగా ఉంటే బొమ్మ పూర్తికానట్టు ఉండదా?

ఉండదు. నా బొమ్మల్లో కనీసం మూడో వంతు కాగితం కనపడాలని చూసుకుంటాను. ఇది నియమం కాదు, నా ఇష్టం. వెనక భాగం నింపితే కాగితానికి ఉన్న పని పోతుంది. అప్పుడు తెల్ల షీటే వాడుకోవచ్చు కదా.

కళ్లు సగం మూసి బొమ్మను చూడండి. లేదంటే ఫోన్‌లో ఫొటో తీసి నలుపు తెలుపు చేయండి. వెలుగు, నడిమి, నీడ మూడూ విడివిడిగా తెలుస్తుంటే అక్కడితో ఆపేయండి. భుజం దగ్గర గీత మధ్యలో తెగిపోయినా ఫర్వాలేదు, మిగతాది చూసేవాళ్ల కన్ను పూరిస్తుంది.

తప్పు పడితే చెరపొచ్చా?

మామూలు రబ్బరు వద్దు. అది మైనాన్ని కాగితంలోకి పులిమి, కాగితం పైపొరను కూడా లేపుతుంది. తెల్ల కాగితం మీద అలా లేచిన చోటు తెలియదు, రంగు కాగితం మీద మచ్చలా ఉండిపోతుంది. మెత్తటి పిండి రబ్బరును ముద్దలా చేసి అద్ది తీయండి. ఇంకా మిగిలితే, తేలిగ్గా ఊడొచ్చే రకం టేపును మెల్లగా ఆనించి, దాని వెనక నుంచి ఏదైనా మొద్దు మొనతో గీసి పైకి లేపండి. ఎంత గీస్తే అంత రంగు టేపుకు అంటుకుని వస్తుంది. ముందు పనికిరాని ముక్క మీద ప్రయత్నించండి.

అసలు తప్పు పడకుండా ఉండాలంటే చేయి తేలిగ్గా ఆడాలి. పెన్సిల్‌ను వెనక వైపు పట్టుకుంటే ఒత్తిడి తనంతట తనే తగ్గుతుంది. పెన్సిల్ కింద పడేయకండి కూడా. లోపల లెడ్ ముక్కలై, చెక్కినప్పుడల్లా విరిగి వస్తుంది.

రెండు వారాలకు బొమ్మ మీద పొగమంచులాంటి పొర వచ్చింది. పాడైపోయినట్టేనా?

లేదు. మైనపు పెన్సిళ్లను గట్టిగా ఒత్తి వేసినచోట, లోపలి మైనం మెల్లగా పైకి వచ్చి మసక పొర కడుతుంది. ముదురు రంగుల మీద బాగా తెలుస్తుంది. మెత్తటి నూలు గుడ్డతో ఒత్తకుండా తుడిస్తే పోతుంది. మళ్లీ రాకుండా ఫిక్సేటివ్ (రంగును పట్టి ఉంచే స్ప్రే) పలుచగా రెండు మూడు సార్లు కొట్టొచ్చు. గాలి ఆడే చోట, పొయ్యికి దూరంగా. ఫిక్సేటివ్ పడితే కాగితం కొంచెం ముదురుతుంది, చాక్‌తోనో పాస్టెల్‌తోనో పెట్టిన తెలుపు బాగా మసకబారుతుంది. అలాంటి తెలుపు ఉంటే కొట్టకండి.

ఫొటో తీస్తే కాగితం రంగు మారిపోతోంది, తెలుపు మాయమవుతోంది. ఏం చేయాలి?

ఫోన్ కెమెరా ప్రతిదాన్నీ ‘సరిచేయాలని’ చూస్తుంది. టాన్ కాగితాన్ని చూసి, ఏదో పసుపు లైటు పడుతోందనుకుని నీలం కలుపుతుంది. ఫ్రేములో బొమ్మ పక్కన ఒక తెల్ల కాగితం ముక్క పెట్టండి. తరవాత ఎడిట్ చేసేటప్పుడు ఆ ముక్క తెల్లగా వచ్చేలా సరిచేస్తే మిగతావన్నీ దారిన పడతాయి. ఆ ముక్కను చివర్లో కత్తిరించేయొచ్చు. వరండాలో నేరుగా ఎండ పడని వెలుగులో తీయండి, రాత్రి ట్యూబ్‌లైటు కింద వద్దు. స్కానర్ వాడితే ఆటో కలర్ ఆపేయండి.

ఒకసారి ఒక పోటీకి రాత్రిపూట తీసిన ఫొటోలు పంపాను. వాటిలో టాన్ కాస్తా పాచి ఆకుపచ్చగా ఉంది. బొమ్మ బాగోలేదని అన్నవాళ్లు చూసింది నేను వేసిన బొమ్మ కాదు. అప్పటినుంచి తెల్ల ముక్క లేకుండా ఒక్క ఫొటో తీయలేదు.

మన తేమకు, ఎండకు ఈ బొమ్మలు నిలుస్తాయా?

తేమ, ఎండ రెండిటికీ వేరువేరు జాగ్రత్తలు. కోస్తాలో ఉన్నవాళ్లకు తేమ పెద్ద శత్రువు. వానాకాలంలో కాగితం అలలు తిరుగుతుంది, బూజు చుక్కలు పడతాయి. బొమ్మల మధ్య బటర్ పేపర్ పెట్టి, చదునుగా ఫైల్లో ఉంచి, సిలికా జెల్ పొట్లాలు వేయండి. నేరుగా గోడకు ఆనే బీరువా అడుగు అరలో పెట్టొద్దు.

ఎండ సంగతి పెన్సిల్‌ను బట్టి, కాగితాన్ని బట్టి ఉంటుంది. గులాబీలు, ఊదాలు మొదట వెలిసిపోతాయి, మట్టి రంగులు గట్టివి. ఇంట్లోనే పరీక్ష పెట్టొచ్చు. అదే కాగితం ముక్క మీద మీ రంగులన్నీ పట్టీలుగా వేసి, సగాన్ని అల్యూమినియం ఫాయిల్‌తో కప్పి, ఎండ పడే కిటికీకి మూడు నెలలు అంటించండి. ఫాయిల్ తీసి చూస్తే ఏ పెన్సిల్‌ను నమ్మొచ్చో తెలుస్తుంది. కాగితం కూడా ఎంత వెలిసిందో అదే ముక్క చూపిస్తుంది. ఫ్రేము కట్టించేటప్పుడు గాజు బొమ్మకు ఆనకుండా మధ్యలో మౌంట్ బోర్డు (బొమ్మ చుట్టూ వేసే మందపాటి అట్ట) వేయమనండి.

ఇది కొత్త ఫ్యాషనా?

ఐదు వందల ఏళ్లు దాటిన పద్ధతి. వెనిస్‌లో నీలి కాగితం మీద చిత్రకారులు నల్ల చాక్, తెల్ల చాక్‌తో గీసేవారు. జర్మనీ చిత్రకారుడు డ్యూరర్ 1508లో వేసిన ప్రార్థించే చేతుల బొమ్మ చాలామంది చూసే ఉంటారు. అది నీలి పూత పూసిన కాగితం మీద కుంచెతో గీసినది, వేళ్ల మీద వెలుగంతా తెల్ల రంగు గీతలే. ఇప్పుడు వియన్నాలోని అల్బెర్టీనా మ్యూజియంలో ఉంది. ఆ చేతుల్లో ఎంత భాగం ఉత్త కాగితమో చూడండి. పద్ధెనిమిదో శతాబ్దం మొదట్లో ఫ్రాన్సులో వాటో అనే చిత్రకారుడు ఎరుపు, నలుపు, తెలుపు మూడే చాక్‌లతో గోధుమ కాగితం మీద మనుషుల్ని వేశాడు.

మనకూ తెల్లటి నేల మీద వేయడమే అలవాటని అనుకోనక్కర్లేదు. శ్రీకాళహస్తి కలంకారీలో నూలు గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. గుడ్డకు లేత పసుపు వన్నె వస్తుంది, పాలలోని కొవ్వు రంగు పాకకుండా ఆపుతుంది, కరక్కాయ గుణం వల్ల ఇనుము, బెల్లం ఊరబెట్టిన ద్రావణం నల్లగా పండుతుంది. చేర్యాల పటాల్లో నేల ఎరుపు. నేను టాన్ కాగితం ముందు కూర్చున్నప్పుడల్లా ఆ కరక్కాయ గుడ్డ గుర్తొస్తుంది.

నీళ్లలో కరిగే పెన్సిళ్లు వాడొచ్చా?

సన్న కాగితం మీద వద్దు, ఉబ్బిపోతుంది. 300 జీఎస్ఎమ్ దగ్గర్లో ఉండే మిక్స్‌డ్ మీడియా (పొడి రంగులకూ నీళ్ల రంగులకూ పనికొచ్చే) టోన్డ్ కాగితం దొరికితే వాడండి.

ఒక బొమ్మకు ఎంతసేపు పడుతుంది?

చిన్న వస్తువు అయితే నలభై నిమిషాల నుంచి గంట. ముఖం అయితే నాకు మూడు నాలుగు సాయంత్రాలు. తెల్ల కాగితం మీద వేసిన రోజులతో పోలిస్తే సగం.

మొదటి బొమ్మగా ఏం వేయమంటారు?

వెల్లుల్లి గడ్డ. ఇంట్లో ఉంటుంది, కదలదు, వాడిపోదు. తెలుపు, మీగడ, లేత ఊదా చారలు, అడుగున వేర్ల దగ్గర గోధుమ, అన్నీ ఒక్క దాంట్లో ఉన్నాయి. కిటికీ పక్కన టాన్ కాగితం మీదే నేరుగా గడ్డను పెట్టండి, వెలుగు ఒక పక్కనుంచే పడాలి. నాలుగు పెన్సిళ్లు తీసుకోండి: తెలుపు, మీగడ, లేత ఊదా, ముదురు సెపియా. ముందు బల్ల మీద పడిన నీడ వేయండి, గడ్డ కింద నీడ అన్నిటికన్నా ముదురుగా ఉంటుంది. తరవాత వెలుగు వైపు రెండు పాయల మీద తెలుపు. నీడ వైపు పాయల్ని ముట్టుకోకండి, వాటి మధ్య గీతలు మాత్రం ఊదాతో గీయండి. పొట్టు ఊడి వేలాడుతున్న చోట ఒక పక్క తెల్ల గీత, ఒక పక్క సెపియా గీత. ఆపి, రెండు అడుగులు వెనక్కి వెళ్లి చూడండి. నీడ వైపు పాయలు మీరు వేయకపోయినా అక్కడ ఉంటాయి.